హ్యాండిల్ తీసేసే ముందు వంటచేతిని అడగండి

మధురవాడలోనైనా ఎండాడలోనైనా కొత్త ఫ్లాట్ తాళాలు చేతికొచ్చిన కుటుంబం కిచెన్ సంగతి మాట్లాడటానికి కూర్చుంటే, ఇప్పుడు మొదట వచ్చే మాట గ్రానైట్ రంగు గురించి కాదు, చిమ్నీ గురించీ కాదు. "హ్యాండిల్స్ మాత్రం వద్దండి" అంటారు. ఫోన్ తీసి ఫొటో చూపిస్తారు. నున్నటి తెల్ల పలకలు, ఎక్కడా ఒక్క పిడి కనపడదు. వేలితో తాకితే చాలు, డ్రాయర్ బయటికొస్తుంది. చూడటానికి బాగుంటుంది, అందులో నాకు రెండో మాట లేదు. విశాఖపట్నంలో మాడ్యులర్ కిచెన్లు చేయించి బిగించడమే నా పని. ఇలాంటివి నా చేతి మీదుగానే చాలా ఇళ్లకు వెళ్లాయి. అయినా ఆ ఫొటో చూడగానే నేనడిగేది ఒకటే: ఇంట్లో వంట చేసేదెవరు? వాళ్లను తీసుకొచ్చారా?

చాలాసార్లు తీసుకురారు. డబ్బు కట్టేవాళ్లు వస్తారు, ఫొటోలు దాచుకున్నవాళ్లు వస్తారు. పొద్దున్నే లేచి స్టవ్ వెలిగించే అత్తగారో, రెండు పూటలా వచ్చి వండిపెట్టి వెళ్లే వంటమనిషో ఆ మాటల్లో ఉండరు. డ్రాయర్లను రోజంతా తెరిచి మూసేది మాత్రం వాళ్లే. ఆ చేతికి ఒకసారి శనగపిండి అంటి ఉంటుంది, ఒకసారి నూనె, ఒకసారి చేపలు కడిగిన నీళ్లు. ఏ డ్రాయర్ ఎలా తెరుచుకోవాలో తేల్చాల్సింది ఆ చెయ్యి. కిచెన్ మొత్తానికీ ఒకే టచ్ మెకానిజం పెట్టించుకోవడమంటే డబ్బిచ్చి ఇబ్బందిని కొనుక్కోవడమేనని నా గట్టి నమ్మకం. దేనికి ఏది పనికొస్తుందో ఒక్కో డ్రాయర్ దగ్గరా ఆగి ఆలోచించాలి.

షోరూముల్లో అన్నిటినీ కలిపి "పుష్ టు ఓపెన్" అనేస్తారు. ఆ ఒక్క పేరు కింద మూడు వేర్వేరు సరుకులున్నాయి.

మొదటిది ఉత్త స్ప్రింగ్. డ్రాయర్ వెనకాలో చానెల్‌లోనో ఒక చిన్న యూనిట్ ఉంటుంది. ముందు పలకను రెండు మూడు మిల్లీమీటర్లు లోపలికి నొక్కితే లాక్ వదులుతుంది, స్ప్రింగ్ డ్రాయర్‌ను కాస్త బయటికి తోస్తుంది, మిగతాది అంచు పట్టుకుని మనం లాక్కోవాలి. మూసేటప్పుడు ఆ స్ప్రింగ్‌ను తిరిగి అణచాల్సింది మన చెయ్యే. టక్కుమని లాక్ పడేదాకా తొయ్యాలి. చిక్కంతా ఇక్కడే ఉంది. సాఫ్ట్ క్లోజ్ డ్రాయర్‌ను చివరి రెండంగుళాల్లో మెల్లగా లోపలికి లాక్కుంటుంది. ఈ స్ప్రింగ్ అదే చోట బయటికి తోస్తుంది. రెండూ ఒకదానికొకటి ఎదురు. అందుకే ఈ చవక రకం తీసుకుంటే సాఫ్ట్ క్లోజ్ వదులుకోవాల్సిందే. పాత ఇంట్లో సాఫ్ట్ క్లోజ్‌కు అలవాటుపడ్డ మనిషి డ్రాయర్‌ను ఓ తోపు తోసి పక్కకు తిరుగుతుంది. లాక్ పడదు. డ్రాయర్ తగిలి వెనక్కొచ్చి అంగుళం తెరుచుకుని నిలబడుతుంది. ఈసారి గట్టిగా తోస్తుంది. లోపల గరిటెలు, అట్లకాడలు గలగలమంటాయి. పడుకున్న పిల్లలు లేస్తారు.

రెండో రకంలో బయటికి తోయడం, మెల్లగా మూయడం రెండూ ఉంటాయి, కరెంటు మాత్రం అక్కర్లేదు. ఆస్ట్రియా కంపెనీ బ్లమ్ దీన్ని టిప్-ఆన్ బ్లూమోషన్ పేరుతో అమ్ముతుంది. జర్మనీ కంపెనీ హెటిచ్ పుష్ టు ఓపెన్ సైలెంట్ అంటుంది. నాకు ఈ సరుకంటే గౌరవం. ఒకదానికొకటి పడని రెండు పనుల్ని ఒకే చానెల్‌లో ఇమడ్చడం మామూలు విషయం కాదు. హెటిచ్ కంపెనీ మొదలైంది 1888లో, జర్మనీ బ్లాక్ ఫారెస్ట్ ప్రాంతంలో. కార్ల్ హెటిచ్ అనే ఆయన గోడ గడియారాల్లో పళ్లచక్రాన్ని ఆపుతూ వదులుతూ ఉండే యాంకర్ ముక్కలు చేసే యంత్రంతో వ్యాపారం పెట్టారు. బ్లమ్ 1952లో గుర్రపు నాడాలకు బిగించే స్టడ్‌లతో మొదలైంది. స్ప్రింగ్‌ను ఎక్కడ ఆపాలి, ఎప్పుడు వదలాలి అన్న గడియారాల వాళ్ల తెలివే ఇవాళ మన పోపుల డబ్బా కింద కూర్చుంది. ఈ పనితనం వల్లే దీని ధర మొదటి రకంలా వందల్లో ఉండదు, ఒక్కో డ్రాయర్‌కీ వేలల్లోకి వెళ్తుంది.

మూడోది కరెంటుతో పనిచేసేది. బ్లమ్‌లో దీని పేరు సర్వో-డ్రైవ్. క్యాబినెట్ వెనక భాగంలో చిన్న మోటారు యూనిట్, దానికి ఇరవై నాలుగు వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్, వైర్లు. పలకను కొంచెం తాకితే వెనకనుంచి ఒక మీట డ్రాయర్‌ను ముందుకు తోస్తుంది. చేత్తోనే తాకక్కర్లేదు. మోకాలు, మోచెయ్యి, తుంటి, ఏదైనా సరే. మూసేటప్పుడు మామూలు సాఫ్ట్ క్లోజే. సుఖంలో దీన్ని మించింది లేదు, ఖర్చులోనూ లేదు.

ఈ మూడిట్లో ఏది కొనాలన్నది రెండో ప్రశ్న. అసలు నొక్కి తెరవడం ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు అన్నది ముందు తేలాలి.

స్టవ్ పక్కన పైడ్రాయర్ సంగతి చూడండి. అందులో పోపుల డబ్బా, గరిటెలు, పట్టకారు ఉంటాయి. మిరపకాయ బజ్జీలు వేస్తున్నారు. కుడి చెయ్యి మణికట్టు దాకా పిండి. నూనె కాగింది, జల్లిగరిటె డ్రాయర్‌లో ఉండిపోయింది. ఆ చేత్తో పలక నొక్కితే పిండి ముద్ర పడుతుంది. ఎడమచేత్తో నొక్కినా పసుపో నూనో ఉండనే ఉంటుంది. మనిషి చెయ్యి ప్రతిసారీ దాదాపు ఒకే చోటికి వెళ్తుంది, పలక పైఅంచుకు నాలుగు వేళ్ల కింద, మధ్యకు కాస్త కుడిగా. ఆర్నెల్లు గడిచాక అదే చోట అరచేయంత లేత పసుపు మచ్చ ఏర్పడుతుంది. తెల్లటి పీయూ పెయింట్ మీద, మ్యాట్ లామినేట్ మీద అది ఇంకా తొందరగా తెలుస్తుంది. తుడుద్దామని గుడ్డతో రుద్దితే ఏమవుతుంది? డ్రాయర్ తెరుచుకుంటుంది. మూసి మళ్లీ తుడుస్తారు. మళ్లీ తెరుచుకుంటుంది. పండక్కి కిచెన్ మొత్తం కడిగి తుడిచే మనిషిని ఒక్కసారి అడిగి చూడండి, ఈ డ్రాయర్ల గురించి ఏమంటుందో.

ఆ మనిషి నడుము కూడా లెక్కలోకి రావాలి. కూర తరుగుతున్నప్పుడు, పిండి కలుపుతున్నప్పుడు మనం ప్లాట్‌ఫామ్‌కు ఆనుకుని నిలబడతాం. పొట్టో తుంటో పైడ్రాయర్‌కు తగులుతుంది. లాక్ వదిలి డ్రాయర్ ముందుకొస్తుంది, నడుముకు తగులుతుంది. మనవాళ్లు పప్పు మెదపడానికి, చపాతీ పిండి పిసకడానికి ఒంటి బరువంతా వేస్తారు. నొక్కితే తెరుచుకునే పలక ముందు అలా నిలబడి పనిచేయడం కుదరదు.

అందుకని స్టవ్ పక్క పైడ్రాయర్‌కు, సింక్ ఎడమా కుడీ ఉండే డ్రాయర్లకు నేను నొక్కే మెకానిజం వద్దంటాను. హ్యాండిల్ కనపడకూడదన్నదే పంతమైతే గోలా ప్రొఫైల్ ఉంది. గ్రానైట్ కిందా, రెండు డ్రాయర్ల మధ్యా క్యాబినెట్‌కు అడ్డంగా ఒక అల్యూమినియం కాలువ బిగిస్తారు. పలక వెనకంచున వేళ్లు దూర్చి లాగడమే. వేళ్ల మురికి పలక ముందు భాగానికి అంటదు, లోపలివైపు అంచుకు అంటుతుంది. పైగా ఏ సాఫ్ట్ క్లోజ్ చానెల్‌తోనైనా పనిచేస్తుంది. యానొడైజ్ చేసిన అల్యూమినియం కాబట్టి మా ఊరి ఉప్పుగాలికి తుప్పు పట్టదు. హ్యాండిల్ లేని కిచెన్ కొత్త ఫ్యాషన్ అనుకుంటాం గానీ, జర్మనీలో సీమాటిక్ కంపెనీ 6006 అనే మోడల్‌ను 1960లోనే తెచ్చింది. అది కూడా వేళ్లు దూర్చి లాగే పద్ధతే. స్ప్రింగూ లేదు, మోటారూ లేదు.

గోలాతో ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. ఆ కాలువ కోసం ఎత్తులో కొంత పోతుంది, డ్రాయర్ లోతు ఆ మేరకు తగ్గుతుంది. కాలువలో పిండి, కరివేపాకు రెబ్బలు, ఆవాలు పడతాయి. వారానికోసారి తడిగుడ్డ వేసి లాగాలి. ఇంకోటి, మన గ్రానైట్ మేస్త్రీలు అంచును ముందుకు బాగా వదిలి నోసింగ్ పెడతారు. అది ఎక్కువైతే వేళ్లు దూర్చడానికి చోటుండదు. గోలా అనుకున్నాక ఆ సంగతి గ్రానైట్ కోయకముందే మేస్త్రీకి చెప్పాలి. ఇవన్నీ ముందుగా చూసుకుంటే తీరిపోయే ఇబ్బందులు. పలక మీద మచ్చ అలా తీరేది కాదు.

ఇక టచ్ ఎక్కడ బాగుంటుంది? చేతులు ఖాళీగా, పొడిగా ఉండే చోట. డైనింగ్ పక్కన క్రాకరీ యూనిట్, టీవీ కింద డ్రాయర్లు, కిచెన్‌లో పైన ఎప్పుడో తెరిచే లాఫ్ట్ తలుపులు. వీటికి మొదటి రకం చవక పుష్ క్యాచ్ సరిపోతుంది, హాయిగా పెట్టించుకోండి. తేలిక తలుపు, రోజుకోసారో వారానికోసారో తెరుస్తారు. దాని గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

టచ్ అవసరమే అయ్యే చోటు ఇంకొకటుంది, సింక్ కింద చెత్తబుట్ట. రెండు చేతులా కూరగాయల తొక్కలు పట్టుకుని, చేపముళ్లు పట్టుకుని వచ్చే చోటది. అక్కడ హ్యాండిల్ ఉన్నా ఉపయోగం లేదు, గోలా ఉన్నా లేదు. మోకాలితో తాకితే తెరుచుకోవాలి. కరెంటు మెకానిజం మీద ఖర్చు పెట్టే స్తోమత ఉంటే మొదట అక్కడ పెట్టండి. బ్లమ్ సర్వో-డ్రైవ్ ఊనో అని సింక్ కింది బుట్ట కోసమే విడిగా ఒక కిట్ చేసింది. తయారుచేసేవాళ్లకు ఈ అవసరం అర్థమైంది. మన షోరూముల్లో మాత్రం మోటారును పైడ్రాయర్‌కే పెట్టి చూపిస్తారు. వచ్చినవాళ్ల కళ్లు అక్కడ పడతాయని.

సీతమ్మధారలో ఒక ఇంట్లో పెద్దావిడకు కీళ్లవాతం. వేళ్ల కణుపులు వాచి ఉంటాయి, పిడికిలి పూర్తిగా బిగుసుకోదు. కొడుకూ కోడలూ గోలా అనుకుని వచ్చారు. అదృష్టవశాత్తూ ఆవిణ్నీ తీసుకొచ్చారు. మా దగ్గరున్న గోలా డ్రాయర్‌ను ఆవిడ రెండుసార్లు లాగి చూశారు. వేళ్ల కొసలు మడిచి పట్టుకోవాలి కదా, మూడోసారికి చెయ్యి వెనక్కి తీసేసుకున్నారు. స్ప్రింగ్ రకం దగ్గరికి తీసుకెళ్లాను. నొక్కడం సులువుగానే ఉంది. మూసేటప్పుడు లాక్ పడేదాకా తోయాలి కదా, అరచెయ్యి ఆనించి తోసి, "ఇది నాతో పోట్లాడుతోందమ్మా" అన్నారు. కరెంటుదాని ముందు నిలబడి మోచేత్తో అలా తాకారు. డ్రాయర్ వచ్చింది. తుంటితో తోశారు, అదే వెళ్లి మూసుకుంది. "కరెంటు పోతేనో?" అన్నది ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న. కొడుకు అడగలేదు, కోడలు అడగలేదు. ఆ ప్రశ్న వంట చేసే మనిషికే వస్తుంది.

ఆవిడకు చెప్పిందే ఇక్కడా చెప్తున్నాను. కరెంటు పోతే ఆ డ్రాయర్ బిగుసుకుపోదు, చేత్తో లాగితే వస్తుంది. కానీ దేన్ని పట్టుకుని లాగాలి? పలక పైఅంచునో కిందంచునో వేలు దూరేంత సందు ఉండాలి. హ్యాండిల్ లేదు కదా అని అన్నిటినీ సందు లేకుండా బిగిస్తే కరెంటు లేని రోజు గోళ్లతో పీకాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక ఈ ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు, మాకెవరికీ ఒకరు గుర్తుచేయక్కర్లేదు. అపార్ట్‌మెంట్లో జనరేటర్ ఉంది కదా అంటారు. చాలాచోట్ల బ్యాకప్ ఇచ్చేది లైట్లకు, ఫ్యాన్లకు. కిచెన్ ప్లాట్‌ఫామ్ కింద ప్లగ్ పాయింట్ ఆ లైనులో ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ను అడగాలి. ఆ పెద్దావిడ ఇంట్లో ఆవిడ వాడే మూడు డ్రాయర్లకే మోటారు పెట్టాం, పలకల పైఅంచున వేళ్లు పట్టేంత సందు వదిలాం. ట్రాన్స్‌ఫార్మర్ స్విచ్ ప్లాట్‌ఫామ్ పైకి తెచ్చాం. తుడిచేటప్పుడు ఆ స్విచ్ ఆపేస్తే డ్రాయర్లు కదలవు. మిగతా డ్రాయర్లు కోడలు కోరుకున్నట్టే గోలా.

కాబట్టి నేను టచ్‌కు వ్యతిరేకిని కాదు. పట్టు లేని చేతికి అది వరం. ఆ వరం అందాల్సినవాళ్లకు అందకుండా ఫొటో కోసం కొనేవాళ్ల ఇళ్లలో వృథా అవుతుంటే బాధ కలుగుతుంది. మనకు పెద్దవాళ్లున్న ఇళ్లు చాలానే ఉన్నాయి. మోకాళ్ల నొప్పులు, కీళ్లవాతం, పక్షవాతం వచ్చి ఒక చెయ్యే పనిచేసే మనుషులు ఎన్నో ఇళ్లలో ఇంకా తామే వండుకుంటున్నారు. కరెంటు మెకానిజం గురించి వాళ్లకు చెప్పేవాళ్లే లేరు.

బరువు గురించి కూడా ఎవరూ మాట్లాడరు. షోరూములో డ్రాయర్ ఖాళీగా ఉంటుంది. అందులో రెండు గాజు గిన్నెలు, ఒక అలంకారపు మొక్క. నొక్కగానే జారుకుంటూ వస్తుంది. మన ఇంటి కింది డ్రాయర్‌లో ఏముంటాయి? రెండు మూడు కుక్కర్లు, ఇడ్లీ పాత్ర, ఇనప పెనం, ఇనప మూకుడు, పండక్కి తీసే ఇత్తడి గిన్నె. మూడడుగుల వెడల్పున్న లోతైన డ్రాయర్‌ను మన స్టీలు సామానుతో నింపితే ఇరవై ఐదు, ముప్పై కిలోలు ఇట్టే దాటుతుంది. చానెళ్లు ముప్పై, నలభై, యాభై, డెబ్బై కిలోలంటూ రకరకాల సామర్థ్యాల్లో వస్తాయి. టచ్ యూనిట్లు కూడా మంచి కంపెనీలవి బరువును బట్టి వేర్వేరుగా ఉంటాయి. తేలిక డ్రాయర్ యూనిట్‌ను బరువు డ్రాయర్‌కు బిగిస్తే స్ప్రింగ్ దాన్ని తోయలేదు, పలక అరంగుళం కదిలి ఆగుతుంది. బరువు యూనిట్‌ను స్పూన్ల డ్రాయర్‌కు బిగిస్తే దూకినట్టు వస్తుంది.

వెడల్పు డ్రాయర్లతో ఇంకో సంగతి. చానెళ్లు రెండు వైపులా ఉంటాయి, యూనిట్లూ రెండు వైపులా ఉంటాయి. కుడిమూల నొక్కితే కుడివైపు లాక్ వదులుతుంది, ఎడమవైపుది వదలదు. రెంటినీ కలిపే ఒక కడ్డీ ఉంటుంది, సింక్రొనైజేషన్ రాడ్ అంటారు. దానికి విడిగా డబ్బు. కొటేషన్ తగ్గించాలంటే మొదట ఎగిరిపోయేది అదే, ఎందుకంటే అది బయటికి కనపడదు. షోరూముకు వెళ్లినప్పుడు డ్రాయర్ మధ్యలో నొక్కి చూడకండి, ఏ డ్రాయరైనా మధ్యలో నొక్కితే వస్తుంది. మూల నొక్కి చూడండి. మీ బ్యాగులో ఇంటినుంచి ఒక కుక్కరూ ఇనప పెనమూ తీసుకెళ్లి అందులో పెట్టి నొక్కండి. సగం తెరిచి, ఒక్క వేలితో తోసి వదిలేయండి, లాక్ పడుతుందో లేదో తెలుస్తుంది. మోచేతిని వాడండి. సేల్స్ వాళ్లు ఏమనుకుంటారోనని మొహమాటపడకండి. లక్షలు పెడుతున్నది మీరు.

సముద్రం పక్కన ఉన్నవాళ్లకు ఇంకో జాగ్రత్త. నొక్కడానికి పలక వెనక రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. మెకానిజం ప్రాణం ఆ సందులోనే ఉంది. మా దగ్గర వర్షాకాలంలో చెక్క ఉబ్బుతుంది. ప్లైవుడ్‌లో ఐఎస్ 710 గుర్తున్న మెరైన్ రకం నీటికి తట్టుకుంటుంది. ఐఎస్ 303 మామూలు వాడకానిది. చవక పార్టికల్ బోర్డు అయితే అంచు పట్టీ ఊడిన చోట నీళ్లు తగిలి లావెక్కుతుంది. పలక కొద్దిగా వంగితే చాలు, ఒక మూల సందు పోతుంది, నొక్కినా లాక్ వదలదు. సందు పెరిగితే ఇంకో బాధ, పలకలు ఎగుడుదిగుడుగా నిలబడతాయి. హ్యాండిల్ ఉన్న కిచెన్‌లో ఒక మిల్లీమీటరు తేడా ఎవరికీ కనపడదు, డ్రాయర్ తెరుచుకోవడం ఆగదు. ఇక్కడ ఆ మిల్లీమీటరే సమస్తం. అందుకే టచ్ మెకానిజానికి డబ్బు పెట్టి బోర్డులో మిగుల్చుకుందామనే లెక్కను నేను ఒప్పుకోను. బోర్డు మంచిది వేసి గోలా పెట్టుకున్న కిచెన్, చవక బోర్డు మీద ఖరీదైన టచ్ బిగించిన కిచెన్ కంటే ఎక్కువకాలం నిలుస్తుంది. బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో చవక పుష్ క్యాచ్‌ల లోపలి స్ప్రింగ్‌కు తుప్పు పట్టి, నొక్కిన ముల్లు నొక్కినట్టే ఉండిపోయినవి విప్పి తీశాను.

బిగించిన తర్వాత కూడా సర్దుబాటు ఉంటుంది. సామాను సర్దుకున్నాక బరువుకు చానెల్ ఒకింత దిగుతుంది, సందులు మారతాయి. ఒక నెల తర్వాత మనిషి వచ్చి స్క్రూలు తిప్పి సరిచేయాలి. నెల తర్వాత అలా వస్తామని ముందే మాట తీసుకోండి. ఒక ఇంట్లో వేరేవాళ్లు చేసిన కిచెన్‌కు ఈ సర్దుబాటు కోసం నన్ను పిలిచారు. ఆ ఇల్లాలు డ్రాయర్లు తెరవడానికి ప్లాట్‌ఫామ్ మీద ఒక స్పూన్ ఉంచుకున్నారు. సందులో స్పూన్ కాడ దూర్చి మీటి తెరుస్తున్నారు. అలా ఎన్నాళ్లుగా చేస్తున్నారో గానీ తెల్లటి అంచు పొడుగునా పెచ్చులు లేచి ఉన్నాయి. చేసినవాళ్లు ఫోన్ ఎత్తడం మానేశారట. అన్ని లక్షలు పెట్టి కట్టుకున్న వంటింట్లో మనిషి స్పూన్‌తో డ్రాయర్ మీటుకోవడం చూస్తే కోపం రాదా?

వంటింటి డిజైన్ ఇలా ఫొటోనుంచి మొదలుకాలేదు. ఇవాళ మనం మాడ్యులర్ అనుకునే కిచెన్లకు మూలం 1926లో వియన్నా ఆర్కిటెక్ట్ మార్గరెట్ షూట్టె-లిహోట్స్కీ జర్మనీలో రూపొందించిన ఫ్రాంక్‌ఫర్ట్ కిచెన్. కార్మికుల ఇళ్లకోసం వేల సంఖ్యలో కట్టిన చిన్న వంటిళ్లవి. వంట చేసే ఆడమనిషి ఎన్ని అడుగులు వేస్తోంది, ఏ పనికి ఎంతసేపు పడుతోంది అని గడియారం పెట్టి లెక్కలు చూసి గీశారు. బియ్యం, పంచదార లాంటివాటికి అల్యూమినియం డబ్బాలు వరుసగా అమర్చారు. ఒక్కోదానికీ పట్టుకోవడానికి పిడి, ఒంపడానికి మూతి. డబ్బాను పిడితో బయటికి లాగి నేరుగా గిన్నెలోకి వంచేయవచ్చు. ఆ పిడిని అక్కడ పెట్టింది అందం కోసం కాదు, తీసేయాలన్నా అందం ఒక్కటే కారణం కాకూడదు. ఆ చెయ్యి ఏం చేస్తోందో చూసిన తర్వాతే ఆ నిర్ణయం.

మా నాన్న అనకాపల్లిలో వడ్రంగం చేసేవారు. టేకు బీరువాకు ఇత్తడి పిడి బిగించే ముందు ఆ ఇంటావిణ్ని పిలిచి, "అమ్మా, చెయ్యి పెట్టి చూడండి, ఎత్తు సరిపోయిందా" అని అడిగేవారు. ఆవిడ చెయ్యి ఆనిన చోట పెన్సిల్‌తో గీత పెట్టేవారు. ఆ పద్ధతి నాకు ఇప్పటికీ అక్కరకొస్తోంది. డ్రాయింగ్ పూర్తయ్యాక వంట చేసే మనిషిని ఖాళీ గోడ ముందు నిలబెట్టి, ఇక్కడ స్టవ్, ఇక్కడ సింక్, ఇప్పుడు పప్పు పోపు పెట్టండి అంటాను. చెయ్యి ఎటు వెళ్తుందో, ఏది తడిగా ఉంటుందో, ఏ డ్రాయర్ ముందు ఆనుకుంటారో తెలిసిపోతుంది. కాగితం మీద ఒక్కో డ్రాయర్ పక్కనా రాసుకుంటాను, గోలా, టచ్, మోటారు అని. వంటమనిషి ఉన్న ఇంట్లో ఆ మనిషినే నిలబెట్టమంటాను. యజమానులు మొదట ఇబ్బందిగా చూస్తారు. ఆ అమ్మాయి రెండు నిమిషాలు మాట్లాడాక నోట్స్ రాసుకోవడం మొదలుపెడతారు.

కొటేషన్‌లో "హ్యాండిల్‌లెస్ కిచెన్, పుష్ టు ఓపెన్" అని ఒక్క లైనే ఉంటే సంతకం పెట్టకండి. ఏ డ్రాయర్‌కు ఏ కంపెనీ చానెల్, ఎన్ని కిలోలది, సాఫ్ట్ క్లోజ్ ఉందా, వెడల్పు వాటికి రాడ్ ఉందా, ఏ బోర్డు, నెల తర్వాత సర్దుబాటుకు వస్తారా, అన్నీ విడివిడిగా రాయించుకోండి. ఒక్క డ్రాయర్‌కైనా మోటారు పెట్టాలనుకుంటే ఆ మాట కార్పెంటర్‌కు చెప్తే చాలదు, ఎలక్ట్రీషియన్‌కు చెప్పాలి. కింది క్యాబినెట్ వెనకాల ఒక ఐదు ఆంప్స్ పాయింట్, దాని స్విచ్ ప్లాట్‌ఫామ్ పైన, వీలైతే బ్యాకప్ లైనులో. ఈ పని టైల్స్ పడకముందే అయిపోవాలి. బిల్డర్ కరెంటు పాయింట్ల డ్రాయింగ్ చేతికిచ్చిన రోజే అడిగితే ఇదో చిన్న పని. కిచెన్ వాళ్లను మాట్లాడుకునే సరికి టైల్స్ పడిపోయి ఉంటాయి, అప్పుడు గోడ కొట్టాల్సిందే.